ఇరవై మూడో నంబరు శునకం

వీరవేణికి భయపడటానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. కుక్కరు మూడో కూత ఆలస్యమైతే మూత పేలిపోతుందని భయం. వెంటవెంటనే కూస్తే గ్యాసు లీకవుతోందని భయం. మొగుడు అబ్బులు రైసుమిల్లు నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే బెల్టులో చెయ్యి పడిందని భయం. పది నిమిషాలు ముందొస్తే పనిలోంచి తీసేశారని భయం. చదివింది తొమ్మిదో తరగతే అయినా పేపర్లో ప్రమాదాల పేజీ మాత్రం అక్షరం వదలకుండా చదివేది. చదివి, ఆ ప్రమాదం తమ ఇంట్లో జరగాలంటే ఎక్కడ జరుగుతుందో చోటు కూడా చూసి పెట్టుకునేది.

కానీ ఒక్క భయం మాత్రం ఆమె ఊహలోంచి పుట్టింది కాదు. అది రోజూ ఇంటిముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోయేది.

కొత్తగరువు ఊరి చివర వంతెన బీటలు వారిందని రెండేళ్ళ కిందట ఇసుక లారీలన్నిటినీ మిల్లు వీధిలోకి మళ్ళించారు. వీధికి ఇటుపక్క వీరవేణి ఇల్లు. అటుపక్క ఆమె కూతురు లిఖిత నాలుగో తరగతి చదివే మునిసిపల్ బడి. మధ్యలో ఇరవై అడుగుల తారు రోడ్డు. ఆ ఇరవై అడుగులు లిఖిత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటాలి. పిల్ల దాటినంతసేపూ వీరవేణి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడేది. పిల్ల అవతలి గేటు పట్టుకున్నాక వదిలేది.

ఆమెకు కావాల్సింది ఒక్కటే. ఇంటికీ బడికీ మధ్య ఒక స్పీడు బ్రేకరు. అందుకోసం ప్రతి సోమవారం అర్జీల రోజున మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి తెల్లకాగితం ఇచ్చి వచ్చేది. అర్జీలు తీసుకునే సీటు ఖాళీగా ఉండటం వల్ల జనన మరణాల గుమాస్తా మృత్యుంజయరావు గారే ఆ పని కూడా చూసేవారు. పదకొండో అర్జీ నాడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, విషయం విడమరిచి చెప్పారు.

"చూడమ్మా. వేగనిరోధకము మంజూరు కావలెనంటే సదరు స్థలమందు కనీసం మూడు ప్రమాదములు నమోదై ఉండవలెను. మీ స్థలమందు ఎన్ని? శూన్యము."

"అయ్యబాబోయ్, అది మంచిదే కదండీ?"

"మంచిదే. కాదనుటలేదు. కాని శూన్యముపై మేము చర్య తీసుకొనజాలము. ప్రజలు కూడా కొంత సహకరించాలి."

వీరవేణి ఇంటికొచ్చి ఆ సహకారం ఎలా ఉంటుందో ఊహించుకుని రెండు రోజులు అన్నం తినలేదు.

జూలైలో ఒక పొద్దున, వాన వెలిసిన కాసేపటికి, రోడ్డు మధ్యలో లిఖిత సంచిలోంచి మంచినీళ్ళ సీసా జారింది. పిల్ల వంగబోయింది. ఇటునుంచి తల్లి కేక, అటునుంచి లారీ హారన్ ఒకేసారి వినిపించాయి. పిల్ల వెనక్కి దూకింది. సీసా దూకలేకపోయింది.

అప్పడంలా అణిగిపోయిన ఆ గులాబీరంగు సీసాను పాత పేపర్లో చుట్టుకుని వీరవేణి ఆఫీసుకు పరుగెత్తింది. మృత్యుంజయరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పేరు?"

"సీసా అండీ."

"వయస్సు?"

"జూన్‌లో కొన్నాం. బళ్ళు తెరిచినప్పుడు."

ఆయన పెద్ద రిజిస్టరు తెరిచి, చివరిదాకా వేలితో వెతికి, మూసేశారు. "లాభం లేదమ్మా. ప్రాణి కానిదాని మరణమునకు మా వద్ద గడి లేదు. అయినను మీ ప్రయత్నము అభినందనీయము."

సరిగ్గా ఆ నెలలోనే కమిషనర్ గారు ఏదో చల్లని కొండమీద మునిసిపాలిటీల సదస్సుకు వెళ్ళొచ్చారు. అక్కడ హోటలు గుమ్మంలో ఒక కుక్క ఆయనకు కుడికాలు అందించి కరచాలనం చేసిందట. ఆయన కదిలిపోయారు. సొంత ఆఫీసులో ఆయనకు ఎవరూ అంత మర్యాద చేసినవారు లేరు. ఊరికి తిరిగి రాగానే, వీధికుక్కల్ని పట్టడం మోటుపద్ధతి అనీ, వాటికి నడవడి నేర్పడమే నాగరికత అనీ తీర్మానం చేయించి, 'క్రమశిక్షణ గల వీధి' అనే పథకం ప్రారంభించారు. మర్నాడు పొద్దున మైకు కట్టిన ఆటో మిల్లు వీధిలోకి వచ్చింది.

"కొత్తగరువు పురప్రజలకు విజ్ఞప్తి! నలభై శునకములకు నలభై దినముల శిక్షణ! సహాయకులుగా పనిచేయువారికి ఇత్తడి బిళ్ళ, ప్రశంసాపత్రము మరియు పెండింగులో నున్న ఒక అర్జీకి ప్రథమ ప్రాధాన్యము! ఒక్క దినము తప్పినవారు మరల మొదటి దినము నుండి ప్రారంభింపవలెను!"

వీరవేణి చేతిలో చీపురు ఆగిపోయింది. ప్రథమ ప్రాధాన్యము.

అయితే ఆమెకు కుక్కలంటే లారీల తర్వాత అంత భయం. వీధిలో జంతిక అని ఒక గోధుమరంగు కుక్క తిరిగేది. తోక సుడులు తిరిగి ఉంటుందని పిల్లలు పెట్టిన పేరు. అది మిల్లు గోడ నీడన పడుకోవడం తప్ప ఎవరినీ ఏమీ అనేది కాదు. అయినా వీరవేణి దాన్ని చూసి రోడ్డు ఆ చివరికి పోయి తిరిగొచ్చేది. అలాంటిది, సహాయకురాలిగా చేరదామని ముందు ధర్మాసుపత్రికి వెళ్ళి, ఎందుకైనా మంచిదని ధనుర్వాతం ఇంజక్షను చేయించుకుని, చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది.

"ఏటే, కుక్కలకి సదువు సెప్తావా?" అన్నాడు అబ్బులు, తవుడు దులుపుకుంటూ. "పదేళ్ళనించీ నాకు సెప్తన్నావుగా. నీకు అలవాటేలే."

"నీకెక్కడొచ్చిందీ సదువు. ఇప్పటికీ తువ్వాలు మంచంమీదే పారేత్తావు."

"కరవకుండా ఉన్నాను గదా. అదే ఎక్కువ."

శిక్షణ జరిగేది వాటర్‌ట్యాంకు వెనక మైదానంలో, పొద్దున ఏడింటికి. మృత్యుంజయరావు గారికే శునక శిక్షణాధికారిగా పూర్తి అదనపు బాధ్యతలు ఇచ్చారు. ఆయన టేబులు ముందు నలభైమంది సహాయకులు వరస కట్టారు. అందరూ అర్జీదారులే. వీరవేణి ముందు బుల్లబ్బాయి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళు దాటిన దర్జీ. వీధి కుళాయి కోసం ఆరేళ్ళుగా తిరుగుతున్నాడు.

చిక్కు అక్కడే మొదలైంది. సహాయకుల ఫారాలు ఇంకా అచ్చై రాలేదు. శునకాల ఫారాలు మాత్రం వచ్చాయి. పని ఆపడం ఇష్టంలేక మృత్యుంజయరావు గారు వాటినే పూర్తి చేయించారు.

"రంగు?"

"చామనచాయండి," అన్నాడు బుల్లబ్బాయి.

"మచ్చలు?"

"వీపుమీద ఒకటుందండి. మా ఆవిడ చెప్పాలి."

"తోక?"

బుల్లబ్బాయి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "ప్రస్తుతానికి లేదండి."

"వర్తించదు అని రాస్తున్నాను. కరిచే అలవాటు?"

"అలవాటుందండి. పళ్ళే లేవు."

వీరవేణి వంతు వచ్చింది. ఆమెకు ఇరవై మూడో నంబరు పడింది. రంగు, మచ్చలు అయ్యాక, ఫారంలో టీకా గడి ఖాళీగా ఉండరాదని చెప్పి మునిసిపల్ కాంపౌండరు అందరికీ కుక్కకాటు సూది వేశాడు. "ఇంకా కరవలేదు కదండీ?" అంటే, "ముందుజాగ్రత్త అమ్మా. ఎవరు ఎవరిని అనేది తర్వాత చూసుకుందాం" అన్నాడు. ముందుజాగ్రత్త అన్న మాట వినగానే వీరవేణి రెండో చెయ్యి కూడా చాపింది.

మొదటిరోజు నిజంగానే ఏడు కుక్కలు వచ్చాయి. బిస్కెట్ల వాసనకు వచ్చాయి. మృత్యుంజయరావు గారు కరదీపిక తెరిచారు. అది కమిషనర్ గారు స్వయంగా రాయించి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టిన పుస్తకం. అందులో ఆజ్ఞలు రెండే. కూర్చోబెట్టడానికి 'ఆసీనం'. లేపడానికి 'ఉత్థానం'. వాడుకమాటలు ప్రభుత్వ గౌరవానికి తగవని అలా పెట్టారు.

"ఆసీనం!" అని ఆయన గర్జించారు.

కుక్కలు ఆయన వంక చూశాయి. తర్వాత ఒకదాని వంక ఒకటి చూసుకున్నాయి. నలభైమంది సహాయకుల్లో ముప్పైమంది కంగారుపడి కూర్చున్నారు.

రెండోరోజుకు బిస్కెట్లు స్టోరు గదిలో తాళం వేసి, ఫలితం చూపిన శునకాలకే విడుదల చేయాలని ఉత్తర్వు వచ్చింది. కుక్కలకు ఆ ఉత్తర్వు ఎవరు చదివి వినిపించారో తెలియదు. మూడోరోజు నుంచి ఒక్కటీ రాలేదు. జంతిక మాత్రం వచ్చింది. మొదటిరోజు దాన్ని చూసి గజగజ వణికిన వీరవేణి, దగ్గరికి రాకుండా ఉండటానికి దూరం నుంచి పెరుగన్నం ముద్ద విసిరింది. దాంతో అది ఆమె వెనకే నడవడం మొదలుపెట్టింది. మైదానానికి వచ్చి, ట్యాంకు నీడన పడుకుని, ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చినా ఒక కన్ను తెరిచి, మూసేది.

"శునకములు రాలేదని శిక్షణాదినములు వృథా కారాదు," అన్నారు మృత్యుంజయరావు గారు. "హాజరుపట్టీలో నలభై గడులున్నవి. మీరు నలభైమంది ఉన్నారు. మీ వివరములు ఎటూ శునక ఫారములపైనే ఉన్నవి. కావున శునకములు వచ్చువరకు మిమ్ము తాత్కాలిక శునక స్థానీయులుగా పరిగణిస్తున్నాను."

"అంటే మేం కుక్కలమాండీ?" అంది వీరవేణి.

"తాత్కాలికముగా మాత్రమే. ఇంక్రిమెంట్లు ఉండవు."

బుల్లబ్బాయి చెవి దగ్గర గొణిగాడు. "ఊరుకో అమ్మాయీ. ఆరేళ్ళనించీ మనుషులుగా తిరిగాం. ఏం ఒరిగింది? ఇదీ ఒకసారి చూద్దాం."

అలా మొదలైంది. ఆసీనం అంటే నలభైమందీ మట్టిలో చతికిలబడేవారు. మృత్యుంజయరావు గారు వరసగా వచ్చి ఒక్కొక్కరి అరచేతిలో ఒక గ్లూకోజు బిస్కెట్టు పెట్టేవారు. తర్వాతే ఉత్థానం. కరదీపికలో ఏడో నియమం అదే. ఆయన దాన్ని రోజూ పొద్దున ప్రార్థనలా చదివించేవారు. "ఆజ్ఞ పాటించి కూర్చున్న శునకమునకు దానికి చూపిన పారితోషికము అందువరకు దానిని లేపరాదు, గదమరాదు, ఈడ్వరాదు, పోలీసులను పిలువరాదు. అట్లు చేసిన ఎడల శిక్షణ యావత్తు చెడును. అందుకు సంబంధిత అధికారియే బాధ్యుడు."

ఆ నియమం ఎంత గట్టిదో పన్నెండోరోజు తెలిసింది. ఆసీనం అన్నాక చూస్తే స్టోరుకీపరు తాళంచెవితో సహా అత్తారింటికి వెళ్ళాడు. బిస్కెట్టు లేదు కాబట్టి లేవడానికి లేదు. ఎండెక్కింది. పదయింది. పదకొండయింది. పాలు పోసే ఆయన ఒకడు, "గేదెలు అరుస్తున్నాయండీ" అని లేచి వెళ్ళిపోయాడు. మృత్యుంజయరావు గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని అతని హాజరు కొట్టేసి, అతనికి మాత్రం మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టారు. మిగతావాళ్ళు పన్నెండున్నరకు స్టోరుకీపరు వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. వీరవేణికి వడదెబ్బ భయం వేసింది. అయినా కదల్లేదు. కళ్ళముందు గులాబీరంగు సీసా కనబడుతూనే ఉంది.

ఇంట్లో మార్పు ముందు లిఖిత కనిపెట్టింది. ఒకరోజు ఆటకు, "ఆసీనం!" అంది. వీరవేణి చేతిలో గంజి వార్చబోయే గిన్నెతో సహా కింద కూర్చుంది. కూర్చుని అరచెయ్యి చాపింది.

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. అబ్బులు మాత్రం నవ్వలేదు. ఒక మినపసున్ని ఉండ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఇంక లేవే" అన్నాడు మెల్లగా.

"ఇదే అలవాటైపోతే ఏటయ్యా?" అని భయపడింది వీరవేణి.

"అవనీలే. ఆ బిస్కెట్లు ఇంటికి తే, టీలోకి పనికొస్తాయి."

ఇంకో మార్పు ఆమె తనకు తానే గమనించింది. జంతిక ఇప్పుడు ఆమె గుమ్మంలోనే పడుకుంటోంది. పెరుగన్నం విసరడం మానేసి పళ్ళెంలో పెడుతోంది. లిఖిత దాని చెవులు నిమురుతున్నా గుండె ఆగిపోవడం లేదు. ఒక భయం తగ్గినందుకు ఆమెకు కొత్త భయం వేసింది. ఏదో పెద్దది రాబోతోందేమోనని.

నలభయ్యోరోజు కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. సాయంత్రాలు కూడా కూర్చుని రోజుల లెక్క సరిచేసుకున్న పాలాయనతో సహా నలభైమందీ ఒక్క ఊపున కూర్చుని, ఒక్క ఊపున లేచారు. ఆయన మెడ నిక్కించి, "అద్భుతం! ఇంత విధేయత నేను ఏ శాఖలోనూ చూడలేదు" అన్నారు. వెళ్ళబోతూ, "నిజమైన శునకం ఒక్కటైనా లేదా?" అని అడిగితే జంతికను చూపించారు. ఆయన ఎంతో ఆప్యాయంగా వంగి, కరచాలనానికి చెయ్యి చాపి, "ఆసీనం" అన్నారు. అది పడుకునే ఉంది కాబట్టి, ఆయన్ని చూసి ఇంకొంచెం పడుకుంది.

"ఇది అనుత్తీర్ణము," అని రాసుకున్నారు మృత్యుంజయరావు గారు. "తక్కిన నలభై, నూటికి నూరు పాళ్ళు ఉత్తీర్ణము."

నలభై కుక్కలకు నడవడి వచ్చిందని రాజధానికి నివేదిక వెళ్ళింది. సహాయకులకు ఇత్తడి బిళ్ళలు, వాటిని మెడలో వేసుకోవడానికి తోలుపట్టీలు ఇచ్చారు. వీరవేణి బిళ్ళమీద ఇరవై మూడు అని చెక్కి ఉంది. దానితోపాటు ఒక కవరు. అర్జీకి జవాబు. ఆమె దాన్ని విప్పబోయింది. బుల్లబ్బాయి కళ్ళజోడు మరిచిపోయానంటే, తన కవరు పక్కన పెట్టి ముందు ఆయనది చదివింది. తర్వాత తనది చదువుకుంది. రెంటిలోనూ మొదటి వాక్యం ఒకటే.

"తమరి అర్జీ ప్రథమ ప్రాధాన్యముతో పరిశీలించి, ప్రథమ ప్రాధాన్యముతో తిరస్కరించడమైనది. సదరు స్థలమందు నమోదైన ప్రమాదములు: శూన్యము."

"ఆరేళ్ళు పట్టేది, నలభై రోజుల్లో తేల్చేశారు," అన్నాడు బుల్లబ్బాయి. నవ్వబోయి, నవ్వలేక, బిళ్ళను చొక్కాలోపల దాచుకున్నాడు.

వీరవేణి ఇంటికొచ్చింది. అలమర మీద పేపర్లో చుట్టిపెట్టిన సీసాను తీసి, ఇత్తడి బిళ్ళను దాని పక్కన పెట్టింది. సాయంత్రం పిల్ల రోడ్డు దాటుతుంటే ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. నివేదిక చూసి రాజధానివాళ్ళు ముచ్చటపడ్డారట. కళ్ళారా చూడటానికి ఒక పరిశీలకురాలు వస్తోందట. నలభైమందీ మెడలో పట్టీలతో ఊరేగింపుగా మెయిన్‌రోడ్డు నుంచి మిల్లు వీధి మీదుగా నడవాలి. మధ్యలో ఒకచోట కమిషనర్ గారు మైకులో ఆసీనం అంటారు. రోడ్డుకు అడ్డంగా రెండు వరసల్లో కూర్చోవాలి. ఫొటోలు తీశాక లేవాలి.

"ఆ ఒకచోటు ఎక్కడండీ?" అని అడిగింది వీరవేణి.

"బడి ఎదురుగా," అన్నారు మృత్యుంజయరావు గారు. " గోడకు కొత్తగా సున్నము వేశారు. ఫొటోలో బాగా పడును."

ఆమె నేరుగా ఇంటికొచ్చి శిక్షణలో తనకిచ్చిన కరదీపికలోంచి ఏడో నియమం ఉన్న పేజీ చించి, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఊరేగింపు పొద్దున పదింటికి బడి ఎదుటికి వచ్చింది. పరిశీలకురాలు జీపులో, గొడుగు కింద కూర్చుని ఉంది. కమిషనర్ గారు మైకు అందుకున్నారు. "ఆసీనం!"

నలభైమందీ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఇటునుంచి రెండు, అటునుంచి మూడు ఇసుక లారీలు ఆగాయి. హారన్లు మోగాయి. ఎవరూ చెక్కుచెదరలేదు.

"ఇవి శునకాలా?" అంది పరిశీలకురాలు.

"శునక స్థానీయులు, మేడమ్," అన్నారు కమిషనర్ గారు.

ఆమె తల ఊపి రాసుకుంది. "పక్క జిల్లాలోనూ ఇంతే. వాళ్ళు హారన్‌కి లేచిపోయారు. మీ శునకాలు నయం."

ఫొటోలు అయ్యాయి. మృత్యుంజయరావు గారు బిస్కెట్లు పంచారు. "ఉత్థానం!" అన్నారు కమిషనర్ గారు.

ముప్పైతొమ్మిదిమంది లేచారు. వీరవేణి లేవలేదు. చేతిలో బిస్కెట్టు అలాగే ఉంది.

"ఉత్థానం!" అన్నారాయన మళ్ళీ. మైకు కీచుమంది.

"ఇంకా ఇవ్వలేదండీ," అంది వీరవేణి.  మోకాళ్ళు వణుకుతున్నాయి. కూర్చుని ఉంది కాబట్టి మోకాళ్ళు ఎవరికీ కనబడలేదు.

"ఏమిటి ఇవ్వలేదు?"

"నాకు చూపించిన పారితోషికం అండీ. మైకులో బిస్కెట్టని చెప్పలేదండి. అర్జీ అని చెప్పారండి." జాకెట్లోంచి కాగితం తీసింది. "చూపిన పారితోషికం అందేదాకా లేపకూడదని మీరే రాశారండి. కింద సంతకం మీదేనండి."

కమిషనర్ గారి ముఖం ఎర్రబడింది. మైకు పక్కకు తిప్పి, "ఈమె ఏమైనా నిజంగా కుక్కా? పౌరురాలు! లాగెయ్యండి పక్కకి!" అన్నారు.

మృత్యుంజయరావు గారు చెవి దగ్గరికి వంగారు. ఆయన మాట మాత్రం మైకులో పడనే పడింది. "సార్, ఈవిడ పౌరురాలైతే మన నివేదికలో శునకములు ముప్పైతొమ్మిదికి దిగును. తక్కినవారూ పౌరులేనని తేలితే మిగిలేది ఒక్కటి. అది ఉత్తీర్ణము కాలేదు."

అందరూ ఆ ఒక్కదాని వంక చూశారు. జంతిక మిల్లు గోడ నీడన వెల్లకిలా పడుకుని ఉంది.

పరిశీలకురాలు కలం మూత తీసింది. "ఏమిటి ఆలస్యం?"

"ఏమీ లేదు మేడమ్," అన్నారు కమిషనర్ గారు. నుదురు తుడుచుకున్నారు. "శునకం పారితోషికం కోసం వేచి ఉంది. ఇది కూడా శిక్షణలో భాగమే."

"మంచిది. ఇవ్వండి మరి. చూస్తాను."

అప్పటికి బుల్లబ్బాయి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి వీరవేణి పక్కన మళ్ళీ కూలబడ్డాడు. "నాదీ ఇవ్వలేదండోయ్," అన్నాడు. ఆ వెంటనే ఒకరి తర్వాత ఒకరు ముప్పైఎనిమిదిమంది కూర్చున్నారు. ఈసారి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

లారీల వరస వంతెనదాకా పోయింది. ఇంజనీరు గారిని పిలిపించారు. ఆయన అంచనాలు వేయాలనీ, టెండరు పిలవాలనీ, కనీసం మూడు నెలలు పడుతుందనీ చెప్పబోయారు.

"టెండరు స్పీడు బ్రేకరుకు కదయ్యా," అన్నారు కమిషనర్ గారు పళ్ళు కొరుకుతూ. "ఇది స్పీడు బ్రేకరు కాదు. శునకాహారం. ఆ పద్దు కింద వెయ్యి."

డ్రైనేజీ పనికి తెచ్చిన కంకర వచ్చింది. తారు డబ్బా, రోలరు వచ్చాయి. కూర్చున్నవాళ్ళను లేపకూడదు కాబట్టి వాళ్ళ వీపుల వెనక జానెడు దూరంలో సుద్దముక్కతో గీత గీశారు. వేడి తారు వీపుకు తగులుతుందని వీరవేణి భయపడింది. పొగకు బుల్లబ్బాయికి ఆయాసం వస్తుందని భయపడింది. లారీవాళ్ళు కొడతారని, కమిషనర్ గారి ఉద్యోగం పోయి ఆయన శపిస్తారని, బిస్కెట్టు తిన్నందుకు కేసు పెడతారని, వరసగా అన్నిటికీ భయపడింది. భయపడుతూనే కూర్చుంది. కదలకుండా భయపడటం ఆమెకు నలభై రోజుల్లో వచ్చిన విద్య.

అబ్బులు మిల్లులోంచి మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "లేవకు," అన్నాడు. "నేను అన్నం వండేశాలే. మాడింది గానీ, అన్నమే."

నాలుగింటికి బడిగంట కొట్టారు. గేటు తెరుచుకుంది. అప్పటికి రోడ్డుకు అడ్డంగా నల్లగా, గుండ్రంగా ఒక గట్టు లేచి ఉంది. రోలరు పక్కకు జరిగింది. కూర్చున్నవాళ్ళు లేవకుండానే రోడ్డు అంచుకు జరిగి దారిచ్చారు. మొదటి లారీ వచ్చింది. గట్టు ముందు ఆగినంత పనిచేసి, మూలుగుతూ ముందు చక్రాలెక్కించి, దించి, మెల్లగా వెళ్ళిపోయింది. లిఖిత రోడ్డు దాటి వచ్చి తల్లి ముందు నిలబడింది.

వీరవేణి అలవాటుగా ఊపిరి వదలబోయింది. పిల్ల దాటినప్పుడు అసలు బిగబట్టడమే మరిచిపోయానని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఉత్థానం, అమ్మా," అంది లిఖిత.

మోకాళ్ళు పట్టేసి ఆమె లేవలేకపోతే తండ్రీకూతుళ్ళిద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. వెనకాల ఇంజనీరు గారు బుల్లబ్బాయితో, "కుళాయి గొట్టం రేపు పొద్దున వేయిస్తాను, దయచేసి లేవండి" అంటున్నారు. ఆయన చెవుడు నటిస్తున్నాడు. పరిశీలకురాలు మాత్రం సంతృప్తిగా రాసుకుంది. నలభై శునకాలు ఆరుగంటలపాటు కదలక కూర్చోవడం రాష్ట్రంలో ఇదే మొదటిసారి.

మర్నాటి సాయంత్రం వీరవేణి గుమ్మంలో కూర్చుని స్పీడు బ్రేకరును చూసుకుంది. జంతిక దాని పక్కనే, కొత్త తారు వెచ్చదనానికి ఒళ్ళు ఆనించి పడుకుంది. లారీలు రెంటినీ చూసి మెల్లగానే వెళుతున్నాయి. అంతా బాగానే ఉంది. అందుకే ఆమె కొత్త భయాలు వెతుక్కుంది. ఈ గట్టు చూసుకోకుండా మోటారుసైకిలు మీద ఎవరైనా ఎగిరిపడితే? ఆటోలో నెలలు నిండిన మనిషి ఉంటే? దానిమీద ఒక చారైనా తెల్లరంగు లేదే?

"లిఖితా, ఒక తెల్లకాగితం ఇలా తేమ్మా," అంది. "రాయి. విషయం, హెచ్చరిక బోర్డు గురించి."

అబ్బులు తల పట్టుకున్నాడు. "మళ్ళీ మొదలెట్టావేటే? బోర్డుకి ఏ క్లాసుకెళ్తావు?"

అతని మాట ముగిసీ ముగియకముందే వీధి మొదట్లో మైకు వినిపించింది. ఆటో వచ్చి, స్పీడు బ్రేకరు దగ్గర మెల్లగా ఎక్కి దిగి, ఇంటిముందు ఆగింది.

"కొత్తగరువు పురప్రజలకు విజ్ఞప్తి! శునక శిక్షణ దిగ్విజయమైన సందర్భముగా, రెండవ విడతగా, నలభై కోతులకు నలభై దినముల శిక్షణ! సహాయకులకు ఒక అర్జీకి ప్రథమ ప్రాధాన్యము!"

ఆటో వెళ్ళిపోయింది.  వీరవేణి లేచి, చీరకొంగు నడుముకు దోపి, పెరట్లోకి వెళ్ళి జామచెట్టు కింద నిలబడింది. ఎక్కి కూర్చుంటే ఏ కొమ్మ తన బరువు ఆపుతుందో, ఏది విరుగుతుందో, విరిగితే ఎటు పడతానో ఒక్కొక్కటే పట్టి చూడటం మొదలుపెట్టింది.